కెటిల్ కింద ఉన్నది

ముందు మెట్లు లెక్కపెట్టు, మోర్వెన్.
వాట్లు తరవాత.
నీ గది మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
రాత్రి రెండింటికి, గ్లాస్గో వానలో
ఒక చేత గిటారు, ఇంకో చేత ఇది,
తాళంచెవి పళ్ళ మధ్య.
అప్పుడు చెప్పు వంద వాట్లు కావాలని.

మూడు శనివారాలుగా వస్తోంది ఈ పిల్ల
పార్టిక్‌లోని నా రిపేరు కొట్టుకి,
బేకరీలో తెల్లవారుజాము డ్యూటీ దిగి,
గోళ్ళ కింద పిండితో.
ప్రతి ఆంప్‌కీ వైరు గుచ్చి చూసింది.
"అన్నీ బాగున్నాయి,
ఒక్కటీ నాది కాదు" అంది.

మరి నీదెలా ఉండాలి?
చాలాసేపు ఆలోచించి,
"మా అమ్మమ్మ ఫోన్లో తిడుతుంది.
కోపం ముదిరాక మాట చివర
గొంతు చిట్లుతుంది.
అది" అంది.

అదా! అది జీర.
డబ్బిచ్చి కొంటే రాదు.
వాల్వు అంచుదాకా నిండి
ఇక ఆగలేనప్పుడు వస్తుంది, పాలు పొంగినట్టు.
గంగాళంలో గ్లాసెడు పాలు పోసి
పొంగమంటే ఎక్కడ పొంగుతాయి?
వంద వాట్లదాన్ని ఒకటిన్నర మీద పెడితే
పెళ్ళికి పిలిచి గుమ్మంలోనే నిలబెట్టినట్టు
ముఖం మాడ్చుకుంటుంది.

నువ్వు వాయించేదెక్కడ?
పబ్బు మేడమీద. నలభై మంది.
అందులో పదకొండు మంది డ్రమ్మరు చుట్టాలు.
కింద ఫుట్‌బాల్ మ్యాచ్ నడుస్తుంటుంది,
ఓనరుకి చెవులు పలచన.
డ్రమ్ముల మీద తేలితే చాలు,
గ్లాసులు కదలక్కర్లేదు.
రేపు పెద్ద హాలు దొరికిందా,
దీని ముందొక మైకు నిలబెట్టు.
మిగతా మోత వాళ్ళ పని.

నా సంగతి విను.
డెబ్బై తొమ్మిదిలో
నా అంత ఎత్తున్నది కొన్నాను, అప్పు చేసి.
నేనూ డుగల్డూ మోసేవాళ్ళం,
శవపేటికని మోసినట్టు, అడుగులో అడుగేసి.
నాలుగేళ్ళలో దాని వాల్యూం రెండు దాటలేదు.
బ్యాండెందుకు విడిపోయిందని ఇప్పటికీ అడుగుతారు.
పాట దగ్గర కాదు,
గ్రీనాక్‌లో ఒక మెట్ల మలుపు దగ్గర.
"నీ వైపు ఎత్తరా" అన్నాను.
"నువ్వెత్తు" అన్నాడు.
అంతే.
వాడి నడుం ఇంకా కుదుటపడలేదట.
నేను ఫోన్ చెయ్యలేదు.

"కెటిల్ కింద ఏంటది?" అంది.

అది అమ్మకానికి కాదు. టీ బల్ల.
పదిహేను వాట్లు, డెబ్బై మూడు నాటిది,
ముందు గుడ్డ చిరిగింది,
ట్రెబుల్ నాబ్ ఊడితే సీసా మూత అంటించాను.
చెబుతూనే ఉన్నాను,
కెటిల్ తీసి నా చేతికిచ్చింది.

వాల్వులు వేడెక్కాయి. ధూళి కాలిన వాసన.
ఒక్క తీగ మీటింది, మెల్లగా.
చలికాలపు కుళాయి నీళ్ళంత తేటగా ఉంది.
మళ్ళీ మీటింది, కోపంగా.
చివర్న,
అదిగో,
చిట్లింది.

తను ఏమీ అనలేదు.
ఫోన్ తీసి స్పీకరు దగ్గర పట్టుకుని
ఇంకోసారి మీటింది.
అవతల్నించి ఎవరో ముసలావిడ
తిట్లు లంకించుకుంది.
రెండు గొంతులూ ఒకటే.

నూట ఎనభై పౌండ్లు. కెటిల్ నాది.
ఫ్యూజులు రెండు దగ్గరుంచుకో.
పాట అయిన వెంటనే మొయ్యకు,
వేడి మీద వాల్వులకి ప్రాణం లేతగా ఉంటుంది.

సోమవారం పిన్నిగారి చంటిపిల్లల బండి తోసుకొచ్చింది.
ఆంప్‌ని పడుకోబెట్టి, బెల్టు పెట్టి,
పైన వాన కవరు కప్పాం.
బస్‌స్టాపు దాకా నేనూ తోశాను.
అక్కడొక పెద్దావిడ వంగి చూసి
"ఎన్నమ్మా?" అంది.
"యాభై రెండు" అంది మోర్వెన్,
నెలలనీ అనలేదు, ఏళ్ళనీ అనలేదు.

తిరిగొచ్చి నీళ్ళు కాచుకున్నాను.
కెటిల్ చేతిలో పట్టుకుని
కొట్టంతా తిరుగుతున్నాను,
ఎక్కడ పెట్టాలో తెలీక.